పాతకోటు సొగసు

జీర్ణవస్త్రమునకు మన భాషలో మంచిపేరు లేదు. చింపిరి, పేలిక, బొంత, మాసిక అను మాటలు వస్తువును తెలుపుటకంటె దానిని ధరించినవాని లేమిని తెలుపుటకే యెక్కువగా వాడబడుచున్నవి. భగవద్గీతలో సైతము పాతబట్టకు దొరకిన స్థానమిదియే: దేహి జీర్ణదేహమును విడుచుట, నరుడు జీర్ణవస్త్రమును విడుచుటవంటిది. పాతబట్ట విడువదగినదనుట అక్కడ వాదించి నెగ్గవలసిన విషయము కాదు. అందఱును ముందే యొప్పుకొన్న సంగతి. దానిని ఆధారము చేసికొని వేఱొక సత్యమును బోధించినారు. ఇట్టి భాషలో పెరిగిన మనకు, ఇంగ్లండులో ముప్పది నలువది యేండ్లు వానలో నానినదియు, అంచులు నలిగినదియు, మోచేతులకు మాసికలు పడినదియు నగు కోటును క్రొత్తకోటుకంటె హెచ్చువెల యిచ్చి కొనువారు కలరనిన మాట నమ్మశక్యముగా తోచదు. కాని కలరు. ఇంగ్లండులోనేగాక జపానులోను ఇట్టి కోట్లను వెదకి వెదకి ప్రోగుచేయువారు పలువురున్నారు.

ఈ విషయము మన యిండ్లకు దూరమైనది కాదు. పలనాటి పల్లెలనుండి కూడ యువకులు చదువులకై బ్రిటనుకు పోవుచున్న కాలమిది. అక్కడ చలికి మొదట కావలసినది కోటు. ధర్మసంస్థలు నడపు పాతబట్టల అంగళ్లలో అది చౌకగా దొరకును. అవసరమునకు కొన్నది క్రమముగా అభిరుచి యగును. మా యెఱిగిన యొక యింట కుమారుడు సెలవులకు వచ్చుచు అట్టి కోటొకటి తెచ్చెను. తల్లి దానిని వసారాలోనే నిలిపి, "ఎవరు తొడిగి విడిచిందిరా ఇది?" అని యడిగెను. "ఏమోనమ్మా, అక్కడి రైతుదో, దొరదో!" అని అతడు నవ్వెను. ఆమె దానిని ఇంటిలోనికి రానీయలేదు. తల్లిది మూఢత్వమనియు కొడుకుది నాగరకత యనియు తీర్పు చెప్పుట సులభము. నాకు మాత్రము ఆమె ప్రశ్నయే ఈ అభిరుచికి తగిన విమర్శకు మొదటి మెట్టుగా తోచుచున్నది. ఆ కుమారుని సమాధానములోనే, అతడు తలపెట్టకున్నను, అసలు చిక్కంతయు నున్నది. రైతు విడిచిన కోటును, దొర విడిచిన కోటును ఒకే వస్తువు కావు.

మొదట వస్తువును పరిశీలింతము. వాననుండి కాపాడు వస్త్రమునకై బ్రిటనులో జరిగిన ప్రయత్నములు విచిత్రమైనవి. 1823లో గ్లాస్గో నగరపు చార్లెస్ మాకింటాష్ రబ్బరును నాఫ్తాలో కరగించి రెండు బట్టల నడుమ పూసి అంటించెను. నీరు లోనికి రాదు గాని, చెమట వెలికి పోదు. బేసింగ్‌స్టోకు అను చిన్న పట్టణమున 1856లో బట్టల కొట్టు పెట్టిన థామస్ బర్బెరీ, నేసిన పిమ్మట బట్టకు పూత పూయుటకు బదులు నేయకముందే నూలునకు నీరంటని గుణము కలిగించి, దానిని దట్టముగా నేయించెను. గాబర్డీను అనునది యిదియే. గొఱ్ఱెలకాపరులు తొడుగు వదులు చొక్కాలను చూచి యతనికి ఈ యూహ పుట్టెనని చెప్పుకొందురు. ఈశాన్యతీరమున సౌత్ షీల్డ్స్ రేవులో 1894లో జాన్ బార్బర్ ఓడవాండ్రకు, బెస్తలకు, రేవుకూలీలకు నూనెబట్టలు అమ్మజొచ్చెను. నూలుబట్టకు మైనము పట్టించి కుట్టిన కోట్లు ఆ సంస్థకు పేరు తెచ్చినవి. రెండవ ప్రపంచయుద్ధకాలమున మాంచెస్టరులోని షర్లీ పరిశోధనాలయమువారు మైనముగాని రబ్బరుగాని లేకుండ, తడిసినంతనే నూలు ఉబ్బి సందులు మూసికొనునట్టి వెంటైలు అను బట్టను నేయించిరి. సముద్రములో కూలిన వైమానికులు మంచునీటిలో మఱికొన్ని నిమిషములైనను ప్రాణముతో నుండవలెనని అది పుట్టినది.

ఈ చరిత్రలో మఱువరాని సంగతి యొకటి కలదు. ఇవన్నియు అలంకారమునకు పుట్టినవి కావు. బెస్త, నావికుడు, కాపరి, సిపాయి, వైమానికుడు — వీరి ఒడలు కాపాడుటకు పుట్టినవి. వేటకును, పొలముల పర్యవేక్షణకును దొరలు వాడుట సాగిన పిమ్మటనే వానికి గౌరవము కలిగెను. బీడేలు అనబడు పొట్టికోటు 1980లోను, బ్యూఫర్టు అనునది 1983లోను వెలువడినవి. ఆ దశాబ్దముననే లండను నగరపు ధనికయువకులు బురద యెఱుగని వీథులలో వానిని తొడిగి తిరుగ మొదలిడిరి.

ఇక సొగసు. ఇది కల్పితమని కొట్టివేయుట న్యాయము కాదు. క్రొత్తదైన మైనపుకోటు నల్లగను, పచ్చగను నిగనిగలాడుచు బిఱుసుగా నుండును. చేతికి జిడ్డు తగులును. ఏండ్లు గడిచినకొలది మడతలయందు మైనము పోయి లేతరంగు గీతలు పడును. ఆ గీతలు తొడిగినవాని మోచేయి ఎక్కడ వంగునో, అతడు చేతులను ఏ జేబులో నుంచుకొనునో చెప్పును. మైనము పోయినచోట మఱల కరగించి పట్టింపవచ్చును. చినిగినచో అదే బట్టతో మాసిక వేయింపవచ్చును. కుట్టిన సంస్థయే పాతకోటును మరల తీసికొని బాగుచేసి పంపును. నేడు మనము కొను పాలియెస్టరు జర్కిను సంగతి చూడుడు. కొన్ననాడే దానికి పరమశోభ; మఱునాటినుండి దిగుటయే. లోపలి పొర పొట్టువలె రాలిపోయిన పిమ్మట దానిని బాగుచేయు దర్జీ లేడు. వాడుకవలన చెడిపోవు వస్తువులును, వాడుకవలన నెఱవేరు వస్తువులును అని రెండు తెగలు కలవు. మన యిండ్లలోని సన్నికల్లును, చేతికఱ్ఱయు, తాతలనాటి ఇత్తడిచెంబును రెండవ తెగవి. మైనపుకోటు వాని జాతిది.

సేకర్తల పాండిత్యమును కూడ మెచ్చుకొనవలెను. తాళపత్రమును లిపినిబట్టి కాలనిర్ణయము చేయు పండితునివలె వారు ఇత్తడి జిప్పును, గళ్ల అస్తరును, లోపలి చీటిని పరీక్షింతురు. బ్రిటిషు రాజకుటుంబమునకు సరఫరాదారులమని చాటు చిహ్నములు బార్బర్ సంస్థకు 1974, 1982, 1987 సంవత్సరములలో ఒకటొకటిగా లభించినవి. చీటిమీద చిహ్నమొకటియా, రెండా, మూడా యని లెక్కించి కోటు పుట్టిన కాలమును తేల్చెదరు. ఇంత సూక్ష్మదృష్టి గలవారు ఒక్కదానిని మాత్రము అడుగరు. కంపెనీ చరిత్ర వారికి కంఠస్థము. తొడిగినవాని చరిత్ర అక్కఱలేదు. అతడు ఏ వానలో తడిసెనో, ఎందులకు తడిసెనో తెలియకపోవుటయే వారికి మేలు. తెలియనిచోట ఊహకు చోటు దొరకును గదా.

మన ఆలంకారికులు ఈ మర్మమును బాగుగ నెఱుగుదురు. నాటకములోని శోకము మనకు రసమగుట అది మన శోకము కాకపోవుటచేతనే. ఎవనిదో వాన, ఎవనిదో చలి, ఎవనిదో కూలి — కాలము గడిచి, పేరు చెరిగి, మైనపుగీతలుగా మాఱిన తరువాత చూచువానికి ఆస్వాద్యమగుచున్నది. ఇది దోషము కాదు, కళయంతయు నిట్టిదే. కాని నాటకశాలనుండి వెలికి వచ్చినవాడు శోకమే మధురమని లోకమునకు బోధింపజొచ్చినయెడల వానిని ఆపవలసియుండును. శాకుంతలము మొదటి యంకమున దుష్యంతుడు నారచీర గట్టిన శకుంతలను చెట్టుచాటునుండి చూచి, ఆ మోటుబట్టయే ఆమెకు మఱింత సొగసు తెచ్చినదని మురియును. పాఠము చెప్పునపుడెల్ల ఆ శ్లోకమునకు విద్యార్థులు తలలూపుదురు. శ్లోకము గొప్పదే. అయినను ఆ మెచ్చుకొన్నవాడు పట్టుబట్టలు గట్టిన రాజు. నారచీర యామెకు వేఱు గతిలేక వచ్చినదో, ఇష్టపడి కట్టినదో అతడు విచారింపలేదు. ఆ బట్ట బిగువుగా నున్నదని ఆమె చెలికత్తెతో మొఱపెట్టుకొనిన మాట అదే యంకములో నున్నను, మనము దానిని శృంగారపు చమత్కారముగానే చదివి దాటిపోవుదుము.

ఇంగ్లీషు దొరల పాతకోటు మోజులో దుష్యంతుని చూపు కొంత కలదు. ఆ దేశమున పెద్ద భూస్వామి చిరుగుల కోటుతో తిరుగుట గౌరవలక్షణము. అతని ద్వారము తెఱచు సేవకుడు మాత్రము మడత నలగని దుస్తులలో నుండవలెను. యజమాని బట్టవలన తనకు గౌరవము రాలేదని చెప్పుకొనుటకు చినిగినది తొడుగును; సేవకునకు ఆ స్వాతంత్ర్యము లేదు. చినిగినకోటుతో వచ్చిన బంట్రోతును మన కచేరీలలో నేడైనను లోపలికి రానిత్తురా? కలెక్టరు చొక్కా మెడపట్టీ నలిగియున్నచో నిరాడంబరుడందుము. బంట్రోతుది నలిగియున్నచో అశ్రద్ధయందుము. కనుక జీర్ణవస్త్రమునందలి సొగసు వస్త్రములో సగమే యున్నది. తక్కిన సగము దానిని ధరించినవానికి వేఱొకటి ధరించు స్వేచ్ఛ యుండుటలో నున్నది.

ఈ మాటను మన దేశచరిత్ర స్థిరపఱచినంతగా మఱే దేశచరిత్రయు స్థిరపఱచదు. మనుస్మృతి పదియవ యధ్యాయమున చండాలురు ఊరివెలుపల వసింపవలెననియు, పగిలిన పాత్రలలో భుజింపవలెననియు, శవములమీది బట్టలనే కట్టుకొనవలెననియు విధించినారు. పాతబట్ట అక్కడ పేదఱికపు ఫలము కాదు; ఆజ్ఞ. క్రొత్తబట్ట కొనగల సొమ్మున్నను కట్టగూడదని దాని యర్థము. మన పల్లెలలో తెల్లని మడతచొక్కా తొడిగినందులకే దెబ్బలు తిన్నవారి కథలు పెద్దలనుండి వినుచునే యున్నాము. డాక్టరు అంబేడ్కరు 1927 డిసెంబరులో మహద్ సభకు వచ్చిన స్త్రీలతో, కులమును చాటు చీరకట్టును, ఆ మోటు నగలను విడువుడని చెప్పినాడు. ఆయన తానును చక్కగ కుట్టిన సూటుతోడనే సభలకు వచ్చెడివాడు. దానిని ఆంగ్లానుకరణమని పరిహసించినవారు ఆనాడుండిరి. వారిలో ఒక్కరికిని శవముమీది బట్ట విధింపబడి యుండలేదు.

విధవల ముతక తెల్లచీరయు నిట్టిదే. కాషాయము గట్టిన సన్యాసిని చూచి చేతులెత్తుదుము. అతడు కోరి కట్టినాడు. పదునాలుగేండ్ల బాలికకు రంగుచీర విప్పించి తెల్లచీర కట్టబెట్టిన యింటిలో, ఆ బట్టకు వైరాగ్యశోభ యున్నదని ఎవడైనను వర్ణించినచో వానిని రసికుడందుమా? 1881 డిసెంబరులో రాజమహేంద్రవరమున వీరేశలింగముగారు తొలి వితంతువివాహమును జరిపించిననాడు ఆ పెండ్లికూతురు కట్టిన రంగుచీరయంత విలువైన చీర ఆ కాలపు తెలుగుదేశములో లేదని నా యభిప్రాయము. అది క్రొత్తదగుటయే దాని విలువ.

కోరి కట్టిన జీర్ణవస్త్రమునకు మన పలనాటిలోనే గొప్ప సాక్ష్యము కలదు. ఇక్ష్వాకుల విజయపురి, అనగా నాగార్జునకొండ లోయ, క్రీస్తుశకము మూడు నాలుగు శతాబ్దములలో బౌద్ధవిహారములతో నిండియుండెను. బుద్ధుని సంఘములో భిక్షువునకు చెత్తకుప్పలలోను శ్మశానములలోను దొరకిన పేలికలు కుట్టి ధరించుట పాంసుకూలమను వ్రతము. మనువు శిక్షగా విధించిన బట్టయే ఇక్కడ వ్రతమైనది. బట్ట ఒక్కటే, అర్థము తలక్రిందులు. వినయపిటకములో నొక కథ కలదు. అంతఃపురస్త్రీలు ఆనందునకు అయిదువందల వస్త్రములు దానము చేయగా, కౌశాంబి రాజు ఉదయనుడు శంకించి, ఇన్ని బట్టలు ఏమిచేయుదురని యడిగెను. బట్టలు చివికిన భిక్షువులకు పంచెదమనెను ఆనందుడు. ఆ చివికినవి? పక్కదుప్పట్లగును. పిమ్మట? పరుపు గలీబులు, ఆపైన నేలమీద పఱచు గుడ్డలు, కాళ్లు తుడుచుకొను గుడ్డలు, దుమ్ము దులుపు గుడ్డలు. చివరకు వానిని నఱికి మన్నులో కలిపి నేలకు మెత్తుదుమని చెప్పగా రాజు సంతసించి మఱి అయిదువందలిచ్చెను. నేటి మైనపుకోటు భక్తులు చెప్పు మితవినియోగశాస్త్రమంతయు ఇందున్నది. వెల యొక్కటే లేదు.

అదే లోయలో దొరకిన శిల్పములలో కోసుటోపీ, పొడుగు అంగీ, షరాయి తొడిగి బల్లెము పట్టిన విదేశీయుని మూర్తి యొకటి కలదు. శకయోధుడని పండితులందురు. ఎండలు మండు ఈ సీమలో పదునేడువందల యేండ్లక్రిందటనే ఒక శిల్పి చలిదేశపు కోటును ముచ్చటపడి పలకపై చెక్కినాడన్నమాట. కావున పరదేశపు కోటుపై మోజును దాస్యమని తేలికగా తీసివేయరాదు. శ్రీనాథుడు కర్ణాట రాజదర్శనమునకై అచ్చటి టోపీయు అంగీయు తొడుగవలసి వచ్చెనని విసుగుకొన్నట్లు చాటువొకటి చెప్పుకొందురు. అక్కడ విసుగు, ఇక్కడ ముచ్చట. భేదము బట్టలో లేదు. తొడుగుమని చెప్పినవాడున్నాడా లేడా యనుటలో నున్నది.

ఈ సీమకు ఇంగ్లీషు బయటిదుస్తులు వచ్చిన తీరు మాత్రము ముచ్చటైనది కాదు. మన్ను రంగు బట్టను సైన్యమునకు తొడిగించిన హారీ లమ్స్‌డెను ప్రయత్నము 1846-47లో పెషావరున మొదలైనది. ఖాకీ యనిన దుమ్మురంగనియే యర్థము. ఆ ఖాకీయు, జీలుగుబెండు టోపీయు, బూట్లును కొంతకాలమునకు పలనాటి యడవి యంచులకు చేరినవి. అడవిలో మేసిన పశువునకు పుల్లరి కట్టుమని యడిగినవి ఆ దుస్తులే. ఇవ్వమని నిలిచిన కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో మించాలపాడున కాల్పులలో కూలెను. ఆనాడు అడవియంచున ఎదురుపడినవి రెండు రకముల బయటిదుస్తులు: ఒకటి ఖాకీ, రెండవది పశువులకాపరి భుజముమీది గొంగళి.

గొంగళిని గూర్చి కొంత నిదానముగా చెప్పవలెను. ఏలయనగా మైనపుకోటునకు మనదేశములో సాటివచ్చునది అదొక్కటే. నూజెండ్ల ప్రాంతమున మందవెంట పోవు వృద్ధుల భుజములమీద ఇప్పటికిని అది యచ్చటచ్చట కనబడును. అది మన సీమ గొఱ్ఱె బొచ్చుతో నేసినది కాదు. నెల్లూరుజాతి గొఱ్ఱెకు ఉన్ని లేదు, వెంట్రుకయే. గొంగళి తెలంగాణమునందును రాయలసీమయందును మేయు దక్కనీ నల్లగొఱ్ఱె ఉన్నిది. ఏడాదికి రెండుమాఱులు కత్తిరింతురు. స్త్రీలు వడుకుదురు, కురుమలు గుంటమగ్గముమీద నేయుదురు. రంగు వేయరు, గొఱ్ఱె నలుపే దాని నలుపు. చింతగింజల గంజి పట్టించి బిఱుసు చేయుదురు. అందువలన చినుకు దానిమీద నిలువక జాఱును. తడిసినను ఉన్ని వెచ్చదనమును విడువదు. ఒక కొస ముడిచి నెత్తిన కొప్పెర వేసికొనిన వానకోటు, నేలమీద పఱచిన పరుపు, కప్పుకొనిన దుప్పటి, నాలుగు కఱ్ఱలమీద కప్పిన గుడిసె. అప్పుడే పుట్టిన గొఱ్ఱెపిల్లను చుట్టి తెచ్చుటకును అదియే. జేబులు లేవనుట తప్ప, ఇంగ్లీషు కోటు చేయు పనులలో ఇది చేయనిది లేదు. ఆ కోటు చేయలేని పనులు నాలుగైదు చేయును. పాతబడినకొలది ఇదియు మెత్తబడి ఒంటికి అమరును. పొగవాసన, మందవాసన, వానవాసన దానిలో ఇంకియుండును.

ఇట్టి వస్తువునకు మన భాష యిచ్చిన గౌరవమేమి? మార్పులేని బ్రదుకును చెప్పవలసివచ్చినపుడు, ఎక్కడ వేసిన గొంగళి అక్కడే యందుము. కొండలు కోనలు తిరుగు కాపరి భుజమున మైళ్లకొలది నడచు వస్తువును కదలనిదానికి గుఱుతుగా చేసినవాడెవడో ఊరిలో కూర్చుండి యన్నము తిన్నవాడే! గొంగళిలో తినుచు వెంట్రుకలేఱుట యనునది మఱియొకటి. సామెతలను నిందించి లాభము లేదు గాని, గొంగళివానిని తనలోనివానిగా ఎంచని సమాజపు సామెతలివి యని గుర్తింపవచ్చును. ఈ ప్రక్కనే వినుకొండలో పుట్టిన గుఱ్ఱం జాషువ, చెప్పులు కుట్టువాని గోడును గబ్బిలముగా 1941లో ప్రకటింపవలసి వచ్చినది. కాపరి నడకకు కిఱ్ఱుచెప్పులు కుట్టినవాడును, కాపరికి గొంగళి నేసినవాడును మన సాహిత్యమునకు అంత ఆలస్యముగా కనబడిరి.

స్కాట్లండునకు పడమటనున్న హెబ్రిడీసు ద్వీపములలో హారిస్ ట్వీడు అను ముతక ఉన్నిబట్ట కలదు. ఆ ద్వీపవాసులు తమ యిండ్లలో చేతిమగ్గముమీద నేసినదే ఆ పేరునకు తగునని బ్రిటిషు పార్లమెంటు 1993లో చట్టమే చేసినది. దానిని తొడిగినవాడు నేసినవాని ద్వీపము పేరును తొడుగుచున్నాడు. మనము గొంగళిని ఏ ఊరిదని యడుగుదుమా? తెలుగుదేశమున దానికి రంగస్థల గౌరవము కలిగించినవాడు గద్దరు. గోచియు గొంగళియు వేసికొని ఆయన వేలమంది యెదుట పాడినపుడు అది నిందనుండి బయటపడి ప్రకటన యయ్యెను. ఆయన 2023లో గతించెను. సభలో చప్పట్లు కొట్టినవారు గొంగళి కొన్నారా యనుట వేఱు ప్రశ్న.

కొనక పోవుటకు కారణము మోజు లేకపోవుట యొక్కటియే కాదు. ఇంతకంటె విచిత్రమైనది యొకటి కలదు. ఇంగ్లండునందు యార్క్‌షైరు సీమలోని బాట్లీ పట్టణమున 1813లో బెంజమిన్ లా అనునాతడు పాత ఉన్నిగుడ్డలను చీల్చి దూదివలె చేసి మఱల నూలు వడుకు విద్యను కనిపెట్టెను. ఆ పరిశ్రమ ఇరువదవ శతాబ్దపు చివరిభాగమున హర్యానాలోని పానిపట్టునకు తరలివచ్చెను. పడమటిదేశముల విడిచినబట్టలు, మఱల తొడుగుటకు వీలులేకుండ కోతలు పెట్టబడి, టన్నులకొలది అక్కడ దిగుచుండెను. మేఘనా గుప్త 2012లో తీసిన ‘అన్‌రావెల్’ అను చిన్న చలనచిత్రములో ఆ కోట్ల గుండీలు, జిప్పులు కోసివేయు స్త్రీలు కనబడుదురు. ఇంత మంచిబట్టలను ఎందుకు పాఱవేయుదురని వారు తర్కించుకొని, ఆ దేశములలో నీరు చాల ప్రియమై యుండును కాబోలు, ఉతుకుటకంటె పాఱవేయుటయే చౌక యని తేల్చుకొందురు. ఈ విషయముమీద నేను వినిన విమర్శలలో ఇంత సూటియైనది వేఱొకటి లేదు. అట్లు చీల్చిన కోట్లనుండి వచ్చిన చౌక రగ్గులే సంతలన్నిట గొంగళిని వెనుకకు నెట్టినవి. కొన్నాళ్లకు పాలియెస్టరు రగ్గులు వచ్చి ఆ పానిపట్టు వ్యాపారమును సైతము దెబ్బతీసినవి. అనగా విదేశపు పాతకోటు మనయింటికి మునుపే వచ్చియున్నది; కోటుగా కాదు, పేరు పోయిన రగ్గుగా. వసారాలో కోటును నిలిపివేసిన ఆ తల్లి యింటిలోపల, దానికి దాయాదియైన రగ్గు కప్పుకొని పిల్లలు నిద్రించి యుందురేమో!

1921లో విదేశవస్త్రములను వీథులలో కాల్చినపుడు, కట్టుకొన గుడ్డలేని దేశమున బట్టలు కాల్చుట సరియా యని రవీంద్రుడు ప్రశ్నించెను. అదే సంవత్సరము సెప్టెంబరులో గాంధీజీ మధురలో కొల్లాయి గట్టెను. ఈ వాదములో నేనిప్పుడు తీర్పు చెప్పబోను. ఒక్కటి గమనింపదగినది: పడవేసిన బట్ట అవతల నెవరికి చేరును, తొడిగిన బట్ట యెవరినుండి వచ్చినది యని ఆ యిద్దఱును తమతమ రీతుల విచారించిరి. నేటి మన కోటు రసికులు ఆ రెండు ప్రశ్నలలో ఒకదానినైనను అడిగినచో వారి అభిరుచికి విద్వత్తు తోడగును. అడుగనంతవఱకు అది చీటిమీది చిహ్నముల లెక్కయే.

ఆ యువకుని కోటును నేను చూచితిని. మంచికోటు. కుడిజేబు అంచున ఎవరో ముదురు దారముతో చేతికుట్టు వేసియున్నారు, మిషనుకుట్టు కాదు. దర్జీ పనియు కాదు, ఇంటిలో ఎవరో దీపముముందు కూర్చుండి వేసినట్లున్నది. అతడు దానిని గమనింపలేదు. చూపగా చాలసేపు చూచెను. ఆ కోటు దొరది కాదని దానినిబట్టి నేను ప్రమాణము చేయజాలను. తల్లి మాత్రము వచ్చి ఆ కుట్టును వ్రేలితో తడిమి, దూరము దూరముగా కుట్టినారే, కొంచెము దగ్గఱగా కుట్టవలసినదని చెప్పి లోపలికి పోయెను.

గొంగళి కొనదలచినవారికి ఇప్పుడు అది సులభముగా దొరకదు. దక్కనీ మందలలో మాంసముకొఱకు నెల్లూరు పొట్టేళ్లను కలిపినకొలది పిల్లలకు ఉన్ని తగ్గిపోవుచున్నది. ఉన్న ఉన్నికిని కత్తిరించు కూలియైనను గిట్టదని కాపరులు దానిని చేలలోనే విడిచి మందలను తోలుకొని పోవుచున్నారు. ఉన్నివెల కత్తిరింపుకూలికి చాలదను మాట నేడు బ్రిటనులోని కాపరులనోటను వినబడుచున్నది.